సగటు దగ్గర ఎవరున్నారు?

(ఆచార్య సి.ఆర్. రావు స్మృతిలో చేసిన ఉపన్యాసం)



ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణ రావుగారి స్మృతిలో మాట్లాడమంటే ఎవరికైనా ముందు బెరుకే కలుగుతుంది. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన రాసిన ఒక్క వ్యాసం నుంచి క్రామర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ వచ్చాయి. ప్రపంచంలో సాంఖ్యక శాస్త్రం ఎక్కడ చెప్పినా ఈ రెండు పేర్లూ పలకక తప్పదు. వాటి లోతులు చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను అంత ఎత్తుకు పోను. ఏ థీసిస్‌లోనైనా, ఏ ప్రభుత్వ నివేదికలోనైనా మొదట కనిపించే చిన్న పట్టిక గురించే మాట్లాడతాను. సగటు ఇంత, ప్రామాణిక విచలనం ఇంత అని రాసే పట్టిక అది. దత్తాంశాలు గంట ఆకారంలో లేనప్పుడు ఆ రెండు అంకెలూ మనకు ఏం చెబుతాయి, ఏం చెప్పకుండా ఊరుకుంటాయి అన్నదే ఈనాటి విషయం.

రావుగారు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగళిలో ఒక తెలుగు ఇంట పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఆయన చదువుకున్న ఊళ్ళు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో అడుగుపెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకం మొదట్లో తలచుకున్నారు. ఆ పుస్తకం కూడా స్మారకోపన్యాసమే. రామానుజన్ పేరిట ఆయన ఇచ్చిన ప్రసంగాలే అచ్చయ్యాయి.

అందులో ఒక ముచ్చట ఉంది. 1947 ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో తలదాచుకున్నవారికి తిండి పెట్టే పని కాంట్రాక్టర్లకు అప్పగించారు. లోపల ఎందరున్నారో లెక్క లేదు, బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. సాంఖ్యక నిపుణులు ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ తలసరి వాడకంతో భాగించి చూశారు. మూడు లెక్కలూ ఒకటే రావాలి. బియ్యం లెక్కన జనం ఎక్కువ తేలారు, ఉప్పు లెక్కన తక్కువ తేలారు. ఉప్పు చౌక. దాన్ని పెంచి రాస్తే కాంట్రాక్టరుకు మిగిలేదేమీ లేదు. అందుకని ఉప్పు లెక్కనే నమ్మారు. మూడింటినీ కూడి మూడుతో భాగించి ఉంటే, పెంచి రాసిన బియ్యం ఆ సగటును తన వైపు లాక్కునేది. అంకె ఎలా పుట్టిందో తెలిశాకే దాన్ని ఎలా కుదించాలో తెలుస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణే.

గంట ఆకారం ఎప్పుడు వస్తుంది

బెల్జియం శాస్త్రవేత్త అడాల్ఫ్ కెటలే పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండు సైనికుల ఛాతీ కొలతలు పరిశీలించి చూశాడు. ఐదువేల ఏడువందల పైచిలుకు మంది. సగటు దాదాపు 40 అంగుళాలు. ఆ సగటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు, దూరం పోయేకొద్దీ పలచబడ్డారు. అటూ ఇటూ ఒకే తీరు. కెటలే అప్పటికే లేవదీసిన ‘సగటు మనిషి’ అన్న భావనకు ఇది అండగా నిలిచింది.

అలాంటి దత్తాంశాలకు ఒక గొప్ప సుగుణం ఉంది. సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ ఒకే చోట కూర్చుంటాయి. సగటుకు ఒక ప్రామాణిక విచలనం అటూ ఇటూ 68 శాతం మంది, రెండింటి లోపల 95 శాతం, మూడింటి లోపల 99.7 శాతం ఉంటారు. సగటు, ప్రామాణిక విచలనం తెలిస్తే చాలు, మొత్తం బొమ్మ గీసెయ్యవచ్చు. వేలమంది సంగతి రెండు అంకెల్లో ఇమిడిపోతుంది. మన పట్టికలకు ఈ రెండు అంకెల అలవాటు అబ్బింది ఇక్కడే.

మరి గంట ఆకారం ఎందుకు వస్తుంది? ఒకదాంతో ఒకటి సంబంధం లేని చిన్నచిన్న కారణాలు చాలా కూడినప్పుడు వస్తుంది. ఎత్తు అలాంటిది, కొలతల్లో దొర్లే తేడాలు అలాంటివి. కారణాలు కూడే బదులు గుణించుకుంటే బొమ్మ మారిపోతుంది. ఆదాయం ఉన్నదాని మీద పెరుగుతుంది, క్రిములు ఉన్నవాటి మీద రెట్టిస్తాయి, వ్యాపారాలు ఉన్న పరిమాణాన్ని బట్టి విస్తరిస్తాయి. అలాంటి చోట చాలామంది ఎడమ పక్క గుమిగూడతారు, కొద్దిమంది కుడి పక్క ఎక్కడో దూరాన ఉంటారు. సంస్థల పరిమాణాల విషయంలో ఫ్రెంచి ఆర్థికవేత్త రాబర్ట్ జిబ్రా 1931లో ఈ సంగతే చెప్పాడు.

గంట ఆకారం చెడడానికి రెండో కారణం సున్నా అనే గోడ. ఆసుపత్రిలో ఉన్న రోజులు, క్యూలో గడిపిన నిమిషాలు, ఒక రోజు కురిసిన వాన సున్నా కంటే తగ్గవు. పైకి మాత్రం హద్దు లేదు. 2000 ఆగస్టు 24న హైదరాబాద్ బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆగస్టు నెలంతటికీ మామూలుగా కురిసేదాని కంటే ఒక్క రోజు వానే ఎక్కువ. ఆ నెల వానను 31తో భాగించి రోజుకింత అని చెబితే లెక్కలో దోషం లేదు. కాని నీళ్ళలో మునిగిన బస్తీల సంగతి ఆ అంకెలో ఎక్కడా లేదు.

మూడో కారణం రెండు గుంపులు కలిసిపోవడం. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

తొమ్మిది మంది రోగులు

లెక్క నోటితో చేసుకోవడానికి వీలుగా ఒక చిన్న ఉదాహరణ అల్లాను. ఒక వార్డులో తొమ్మిది మంది రోగులు, వాళ్ళు ఆసుపత్రిలో ఉన్న రోజులు ఇవి: 2, 2, 3, 3, 4, 4, 5, 7, 42.

కూడితే 72. తొమ్మిదితో భాగిస్తే సగటు 8 రోజులు. ప్రామాణిక విచలనం దాదాపు 12.8. కంప్యూటర్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే థీసిస్‌లో 8 ± 12.8 అని రాస్తారు. దాన్ని గంట ఆకారపు అలవాటుతో చదివి చూడండి. మూడింట రెండు వంతుల మంది మైనస్ 4.8 రోజులకూ 20.8 రోజులకూ మధ్య ఉన్నారని అర్థం రావాలి. మైనస్ అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్న రోగిని వైద్యశాస్త్రం ఇంకా చూడలేదు. ఇంకో సంగతి చూడండి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది సగటు కంటే తక్కువ రోజులే ఉన్నారు. సరిగ్గా ఎనిమిది రోజులు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సగటు దగ్గర మనిషే లేడు.

ఇప్పుడు వరసలో మధ్యనున్న రోగిని చూడండి: 4 రోజులు. అదే మధ్యగతం. కింది చతుర్థాంశం 3, పై చతుర్థాంశం 5. అంటే నడిమి సగం మంది మూడు నుంచి అయిదు రోజుల్లో ఇంటికి వెళ్ళారు. కనిష్ఠం 2, గరిష్ఠం 42. ఈ అయిదు అంకెలూ పక్కపక్కన రాస్తే వార్డు కళ్ళకు కడుతుంది. అమెరికన్ సాంఖ్యక శాస్త్రవేత్త జాన్ టుకీ ఈ అయిదు అంకెలకే ఒక పెట్టె బొమ్మ ఇచ్చాడు. 1977లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత బాక్స్ ప్లాట్ అందరి చేతికీ అందింది. పెట్టె అంచు నుంచి దాని పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటి బయట పడ్డ విలువను ఆ బొమ్మలో విడిగా చుక్క పెట్టి చూపిస్తారు. మన వార్డులో పెట్టె రెండు చతుర్థాంశాల మధ్య, 3 నుంచి 5 దాకా ఉంది; పొడవు 2, కాబట్టి పై హద్దు 5 + 3, అంటే 8. ఏడు రోజులు ఉన్న రోగి లోపలే ఉన్నాడు. 42 మాత్రం ఒంటరి చుక్క.

ఇంతవరకు విన్నవాళ్ళు సగటు తప్పు, మధ్యగతం ఒప్పు అని రాసుకుని వెళ్ళిపోతారేమోనని నా భయం. అది కూడా తొందరపాటే. రోగి తరఫు మనిషి వచ్చి ‘ఎన్నాళ్ళు ఉండాల్సి వస్తుంది డాక్టరుగారూ?’ అని అడిగితే ‘సాధారణంగా నాలుగు రోజులమ్మా’ అని చెప్పడమే న్యాయం. అదే ఆసుపత్రి సూపరింటెండెంటు వచ్చే నెలకు ఎన్ని మంచాలు కావాలో లెక్క వేసుకోవాలంటే? మధ్యగతాన్ని నమ్మి తొమ్మిది మందికి నాలుగేసి రోజులు లెక్క కడితే 36 వస్తుంది. నిజంగా పట్టినవి 72. సగం మంది రోగులు వరండాలో పడుకోవాల్సి వస్తుంది. మొత్తం కావలసినవాడికి సగటే దిక్కు, ఎందుకంటే సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తే మొత్తం తిరిగి వస్తుంది. మధ్యగతానికి ఆ గుణం లేదు. మధ్యన ఉన్న మనిషి గురించి తెలియాలంటే మధ్యగతం కావాలి, మూట మొత్తం గురించి తెలియాలంటే సగటు కావాలి. అడిగిన ప్రశ్న ఏదో తేల్చుకోకుండా అంకె ఏరుకుంటే రెండూ మోసం చేస్తాయి.

ఇక 42 దగ్గర మన పరిశోధకులు చేసే పని ఒకటుంది. ‘అవుట్‌లయర్’ అని పేరు పెట్టి కొట్టేస్తారు. కొట్టేస్తే సగటు 3.75కి దిగుతుంది, పట్టిక ముచ్చటగా తయారవుతుంది. కాని ఆ ఒక్క రోగి 72 మంచం-రోజుల్లో 42 వాడుకున్నాడు, అంటే 58 శాతం. నర్సుల శ్రమ, మందుల ఖర్చు, బహుశా ఇన్‌ఫెక్షన్ సమస్య అన్నీ ఆ తోకలోనే ఉన్నాయి. ముందు కేస్ షీటు తీసి చూడాలి. 4 రాయబోయి 42 రాశారా? అయితే దిద్దాలి. నిజంగా 42 రోజులు ఉన్నాడా? అయితే ఉంచాలి, అతని గురించి ఒక వాక్యం రాయాలి. దూరంగా ఉండటం నేరం కాదు.

ఇతరుల పత్రాలు చదివేటప్పుడు మనకు మూల దత్తాంశాలు దొరకవు, పట్టికే దిక్కు. అక్కడ పనికొచ్చే ఉపాయం ఒకటి డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సున్నా కంటే తగ్గే వీల్లేని కొలతకు సగటులోంచి రెండు ప్రామాణిక విచలనాలు తీసెయ్యండి. ఫలితం సున్నా కిందికి పోతే ఆ దత్తాంశాలు గంట ఆకారంలో లేవని గట్టిగా అనుమానించవచ్చు. పోకపోతే మాత్రం అంతా సవ్యంగా ఉందని హామీ లేదు. థీసిస్ పరీక్షకుడి చేతిలో ఇంతకు మించిన చౌక సాధనం లేదు.

అలాగని ప్రామాణిక విచలనానికి అర్థమే లేకుండా పోదు. రష్యన్ గణితవేత్త చెబిషేవ్ 1867లో నిరూపించిన అసమానత ప్రకారం, ఆకారం ఏదైనా సరే, సగటుకు రెండు విచలనాల లోపల కనీసం 75 శాతం, మూడింటి లోపల కనీసం 88.9 శాతం ఉండి తీరాలి. గంట ఆకారం 95 శాతం అని మాట ఇచ్చిన చోట, ఆకారం తెలియనప్పుడు 75 శాతానికే పూచీ దొరుకుతుంది. ఆ తేడా తెలిసి వాడుకోవాలి.

వరసలో నిలబడ్డ పల్లె

ఇప్పుడు నిజమైన లెక్కలోకి వద్దాం. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు జాతీయ నమూనా సర్వే వారు గృహ వినియోగ వ్యయాన్ని సర్వే చేశారు. గ్రామీణ భారతంలో తలసరి నెలసరి ఖర్చు సగటున 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459. పత్రికలు ఈ రెండు అంకెలనే పతాక శీర్షికల్లో వేశాయి. నివేదిక లోపల మాత్రం ఇంకా మంచి పట్టిక ఉంది.

అది మహలనోబిస్ వారసత్వం. భారతీయ సాంఖ్యక సంస్థను నెలకొల్పి, రావుగారిలాంటి వారిని చేరదీసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1960లో ఎకనోమెట్రికా పత్రికలో ఫ్రాక్టైల్ విశ్లేషణ అనే పద్ధతిని వివరించారు. జనాన్ని ఖర్చు తక్కువవాళ్ళ నుంచి ఎక్కువవాళ్ళ దాకా వరసలో నిలబెట్టి, ఆ వరసను శాతాల వారీగా గుంపులు చేసి, ఒక్కో గుంపునూ విడిగా చూడటం ఇందులో కీలకం. రూపాయల మీద ఏ ఆకారాన్నీ ముందుగా ఊహించుకోనక్కర్లేదు.

గ్రామీణ పట్టిక చూడండి. అడుగున ఉన్న 5 శాతం మంది సగటు ఖర్చు 1,373 రూపాయలు. తర్వాతి 5 శాతానిది 1,782. అక్కడి నుంచి పదేసి శాతం చొప్పున 2,112, 2,454, 2,768, 3,094, 3,455, 3,887, 4,458, 5,356. చివర 90 నుంచి 95 శాతం మధ్య వారిది 6,638, పైనున్న 5 శాతానిది 10,501.

మెట్ల ఎత్తు గమనించండి. నడుమ ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ తేడా మూడొందలు, నాలుగొందలు. పైకి పోయేకొద్దీ అయిదొందల డెబ్భై, తొమ్మిదొందలు, పదమూడొందలు. చివరి మెట్టు ఒక్కటే 3,863. కుడి తోక అంటే ఇదే. బొమ్మ గీయకుండానే అంకెల్లో కనిపిస్తోంది.

వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ మనిషి ఖర్చు ఎంత? అయిదో పదిశాతానికీ ఆరో పదిశాతానికీ సరిహద్దు చూడాలి. అయిదో పదిశాతం సగటు 3,094, ఆరో దానిది 3,455. కాబట్టి మధ్యగతం ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంది. మరి పత్రికల్లో వచ్చిన 3,773 ఎక్కడుంది? ఏడో పదిశాతంలో. పల్లెల్లో దాదాపు 60 శాతం మంది ‘సగటు’ కంటే తక్కువ ఖర్చుతో బతుకుతున్నారన్న మాట. పైనున్న 5 శాతాన్ని పక్కన పెట్టి మిగతా 95 శాతానికి సగటు కడితే 3,419 వస్తుంది. ఇరవైలో ఒకరు పక్కకు జరిగితే సగటు 350 రూపాయలు దిగింది.

పట్టణాల్లో తోక ఇంకా పొడుగు. అయిదో పదిశాతం సగటు 4,963, ఆరో దానిది 5,662, పై 5 శాతానిది 20,824. మధ్యగతం నుంచి సగటు పల్లెలో అయిదొందల రూపాయల దూరంలో ఉంటే, పట్నంలో ఆ దూరం వెయ్యి దాటుతుంది. సగటుకూ మధ్యగతానికీ మధ్య దూరమే అసౌష్ఠవానికి మొదటి కొలబద్ద. ఆ దూరం చూపించకుండా సగటు ఒక్కటే అచ్చువేసిన నివేదిక, పేదవాడి ఖాతాలో ధనవంతుడి ఖర్చు కొంత రాసేసినట్టే లెక్క.

పొలాల సంగతీ అంతే. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల పైన. కాని కమతాల్లో 68 శాతం ఒక్క హెక్టారు కూడా లేనివి. సగటు రైతు కోసమని రూపొందించిన పథకం మూడింట రెండు వంతుల రైతులకు పెద్ద చొక్కా అవుతుంది.

గూల్డ్ చదివిన ఎనిమిది నెలలు

అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982 జూలైలో, నలభై ఏళ్ళ వయసులో, ఉదర మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ ఉందని తేలింది. కాస్త కోలుకోగానే హార్వర్డ్ వైద్య గ్రంథాలయానికి వెళ్ళి చదివితే, రోగం బయటపడ్డాక జీవితకాలపు మధ్యగతం ఎనిమిది నెలలని ఉంది. మామూలు మనిషి ఎనిమిది నెలల్లో చనిపోతానని దాన్ని అర్థం చేసుకుంటాడు. గూల్డ్ జీవితమంతా జీవజాతుల్లోని వైవిధ్యాన్ని అధ్యయనం చేసినవాడు కనుక అంకెను అలా చదవలేదు.

ఎనిమిది నెలలు మధ్యగతమైతే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారన్న మాట. ఎంత ఎక్కువ? ఎడమ పక్క సున్నా గోడ ఉంది, అటు ఎనిమిది నెలల జాగాయే. కుడి పక్క తోక ఏళ్ళ తరబడి సాగుతుంది. కాబట్టి ఆ విభాజనం కుడికి సాగి ఉండక తప్పదు. తర్వాత తన సంగతి చూసుకున్నాడు. వయసు తక్కువ, రోగం తొలిదశలో దొరికింది, మంచి వైద్యం అందుతోంది. ఆ తోకలో చేరడానికి తనకు మంచి అవకాశాలున్నాయని తేల్చుకున్నాడు. 1985లో డిస్కవర్ పత్రికలో ఈ అనుభవం రాశాడు. 2002 మేలో చనిపోయాడు, ఇరవై ఏళ్ళ తర్వాత, వేరే క్యాన్సర్‌తో.

ఇందులో సాంఖ్యక శాస్త్రం గూల్డ్‌ను బతికించిందని ఎవరూ అనరు. వైద్యం బతికించింది. శాస్త్రం చేసిన మేలు వేరు. మధ్యగతం కూడా ఒంటరిగా వదిలేస్తే సగటులాగే భయపెడుతుంది. దాని పక్కన చతుర్థాంశాలుంటే, తోక ఎంత దూరం పోయిందో తెలిస్తే, రోగి తన ప్రశ్న తాను వేసుకోగలడు. ఇక్కడున్న వైద్యులకు నా విన్నపం: రోగికి కాలపరిమితి చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క అంకె చెప్పకండి. నలుగురిలో ఒకరు ఇంతకాలంలోపు, ఇద్దరు ఇంతవరకు, ఒకరు ఇంతకు మించి అని చెప్పండి.

తరచూ వినే మాటలు

‘శాంపిల్ ముప్పై దాటింది కదా సార్, నార్మల్ అనుకోవచ్చు కదా?’ ఈ ప్రశ్న వినని సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడు ఉండడు. దీనికి ఆధారంగా చూపే కేంద్రీయ అవధి సిద్ధాంతం చెప్పింది సగటు గురించి. మళ్ళీ మళ్ళీ శాంపిళ్ళు తీసి సగటులు కడితే, శాంపిల్ పరిమాణం పెరిగేకొద్దీ ఆ సగటులు గంట ఆకారంలో అమరుతాయి. దత్తాంశాలు అమరవు. కోటి మంది ఆదాయాలు సేకరించినా ఆదాయాల వక్రం కుడికి సాగే ఉంటుంది, ఇంకా స్పష్టంగా సాగి కనిపిస్తుంది. తోక బాగా బరువైతే ముప్పై కాదు కదా, మూడొందలు కూడా చాలకపోవచ్చు.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటుంది. ప్రామాణిక విచలనం పెద్దదిగా కనిపిస్తోందని దాని బదులు ప్రామాణిక దోషం రాయడం. మన వార్డులో 12.8ని తొమ్మిది వర్గమూలంతో, అంటే మూడుతో భాగిస్తే 4.3. పట్టికలో 8 ± 4.3 అని రాస్తే ఎంతో పొందికగా ఉంటుంది. కాని అది సగటును మనం ఎంత కచ్చితంగా అంచనా వేశామో చెప్పే అంకె. రోగులు ఒకరికొకరు ఎంత తేడాగా ఉన్నారో అది చెప్పదు.

‘షపీరో–విల్క్ పరీక్ష పాసైంది సార్’ అనేది మరో మాట. 1965లో వచ్చిన ఆ పరీక్ష మంచిదే. పది మంది ఉన్న శాంపిల్‌లో వంకర ఉన్నా పట్టుకునే శక్తి దానికి చాలదు. పదివేల మంది ఉంటే ఎందుకూ కొరగాని చిన్న తేడాను కూడా ఎత్తి చూపుతుంది. పరీక్ష ఫలితం సర్టిఫికెట్ కాదు, హిస్టోగ్రామ్‌కు బదులు కాదు.

సంవర్గమానాలు తీసుకోవడం మంచి మందు, వాడే చోట వాడితే. గుణించుకుంటూ పెరిగే కొలతలకు, ఉదాహరణకు రక్తంలో యాంటీబాడీ టైటర్లకు, లాగ్ తీసి సగటు కట్టి మళ్ళీ వెనక్కి మారుస్తారు. వచ్చేది గుణమధ్యమం. మన తొమ్మిది మందికి అది దాదాపు 4.6 రోజులు, మధ్యగతానికి దగ్గర. కాని గుర్తుంచుకోవాలి, దాన్ని తొమ్మిదితో గుణిస్తే 72 రాదు. సూపరింటెండెంటుకు అది పనికిరాదు. సున్నాలున్న దత్తాంశాలకు నేరుగా లాగ్ తీయడమే కుదరదు.

ఇందాక వాయిదా వేసిన రెండు గుంపుల సంగతి. నేపుల్స్ తీరంలో వెల్డన్ అనే జీవశాస్త్రవేత్త వెయ్యి పీతల కొలతలు తీసుకున్నాడు. ఒక్క కొలత తప్ప మిగతావన్నీ గంట ఆకారంలో వచ్చాయి. ఆ ఒక్కటి, నుదుటి వెడల్పు, ఒక పక్కకు వాలింది. కార్ల్ పియర్సన్ 1894లో దాన్ని రెండు గంట వక్రాల కలయికగా విడదీసి చూపాడు. ఒక్క జాతి అనుకున్నచోట రెండు రకాలు ఉండవచ్చన్న అనుమానం అలా వచ్చింది. ఈ అనుమానం మనకూ రావాలి. ఉపాధ్యాయుడి మీద అభిప్రాయం అడిగితే సగం మంది అయిదుకు ఒకటి, మిగతా సగం అయిదుకు అయిదు వేశారనుకోండి. సగటు 3 వస్తుంది. ‘విద్యార్థుల అభిప్రాయం మధ్యస్థం’ అని నివేదిక రాస్తారు. మధ్యస్థమన్నవాడు తరగతిలో ఒక్కడూ లేడు. ఇక్కడ మధ్యగతం కూడా రక్షించదు, బాక్స్ ప్లాట్ కూడా రెండు శిఖరాలను దాచేస్తుంది. హిస్టోగ్రామ్ ఒక్కటే నిజం చెబుతుంది.

ఫ్రాన్సిస్ ఆన్స్కూంబ్ 1973లో ఒక చిన్న వ్యాసంలో పదకొండేసి బిందువులున్న నాలుగు దత్తాంశ సమితులు ఇచ్చాడు. నాలుగింటికీ సగటులు, విచలనాలు, సహసంబంధం దాదాపు ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు, ఒకటి సరళరేఖలోంచి తప్పిన ఒక్క చుక్క, ఒకటి నిట్టనిలువు గీత, దాని పక్కన ఒంటరి చుక్క. యాభై ఏళ్ళు దాటింది, ఇంకా మన థీసిస్‌లలో బొమ్మకు చోటు దొరకడం లేదు.

ఏం రాయాలి

చివరిగా, పనికొచ్చే మాటలు కొన్ని చెప్పి ముగిస్తాను. కొలత ఏదైనా ముందు గీసి చూడండి. కొలత గంట ఆకారానికి దగ్గరగా ఉంటే సగటు, ప్రామాణిక విచలనం రాయండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఒక పక్కకు సాగి ఉంటే మధ్యగతం, రెండు చతుర్థాంశాలు రాయండి. ఖర్చు, మంచాలు, దిగుబడి లాంటి మొత్తాలు లెక్కకు రావలసిన చోట సగటును కూడా పక్కనే ఉంచండి, రెండూ ఎందుకు వేరో ఒక వాక్యంలో చెప్పండి. రెండు శిఖరాలుంటే ఒక్క అంకెలోకి కుదించకండి, గుంపులు విడదీసి రాయండి. తీసేసిన విలువ ఏదైనా ఉంటే ఏది, ఎందుకు తీశారో దాచకండి.

రావుగారు 2023 ఆగస్టు 22న, నూట రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. అదే ఏడాది అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం ఆయనను వరించింది. 1945 నాటి ఆ వ్యాసానికే, రాసిన డెబ్భై ఎనిమిదేళ్ళకు. ఆయన పేరు మీద కూడిన మనం చేయగలిగిన పని ఒకటుంది. మార్గదర్శకులారా, మీ విద్యార్థి పట్టికలో ± గుర్తు కనిపిస్తే ‘హిస్టోగ్రామ్ ఏదీ?’ అని అడగండి. పత్రికా సంపాదకులారా, సగటు అచ్చువేసిన చోట మధ్యగతానికి కూడా ఒక గీత చోటివ్వండి. విద్యార్థులారా, ఎవరైనా మీకు సగటు చెబితే ఆ సగటు దగ్గర నిజంగా ఎందరున్నారో అడిగి తెలుసుకోండి. జవాబు లేకపోతే ఆ అంకెతో నిర్ణయం తీసుకోకండి.